పార్వతి ఆంటీ తోటకూర మడి

మా ఆఫీస్ పార్కింగ్‌లో పొద్దున్నే స్ప్రింక్లర్లు ఆగిన కాసేపటికి తడిసిన ఎర్రమట్టి వాసన వస్తుంది. కారు తలుపు తీయగానే అది ముక్కుకి తగిలితే నేను వెంటనే లోపలికి వెళ్ళలేను. బ్యాడ్జ్ చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోతాను. అది పార్వతి ఆంటీ మడి వాసన. ఆవిడ పోయాక ఇది రెండో వేసవి.

ఆవిడ మాకు చుట్టం కాదు. అమెరికాలో, క్యారీ అనే ఊళ్ళో మా పక్క టౌన్‌హౌస్‌లో ఒంటరిగా ఉండేవారు. మందుల కంపెనీ ల్యాబ్‌లో పాతికేళ్ళు పనిచేసి రిటైరయ్యారు. కిడ్నీలు పాడై వారానికి మూడు రోజులు డయాలసిస్‌కి వెళ్ళేవారు. అయినా ఊరి కమ్యూనిటీ గార్డెన్‌లో తన పేరున ఉన్న చిన్న మడిని మాత్రం వదల్లేదు. వంగలేరు, బకెట్ ఎత్తలేరు. అందుకని నా చేత డ్రిప్ గొట్టాలు వేయించి, ఫోన్‌తో నడిచే టైమర్ బిగించి, కంచె కర్రకి ఒక సోలార్ కెమెరా పెట్టించారు. డయాలసిస్ కుర్చీలో కూర్చుని, సూదుల్లేని చేత్తో ఫోన్ పట్టుకుని మడికి నీళ్ళు పెట్టేవారు. నేనేమో ఇంట్లో కరివేపాకు మొక్కని మూడుసార్లు కొని మూడుసార్లూ చంపిన మనిషిని. అలాంటి నేనే ఆవిడకి కాళ్ళూ చేతులూ అయ్యాను.

ఆ మడిలో ఎక్కువగా పెరిగేది తోటకూర. ఆవిడ తినకూడనిదీ అదే. పొటాషియం ఎక్కువని డైటీషియన్ ముట్టుకోవద్దన్నారు. కోసిందంతా మా వీధిలో పంచిపెట్టేవారు. తినే యోగం లేనప్పుడు ఈ తిప్పలెందుకని ఒకసారి అడిగేశాను. నా నోటికి ఆగడం తెలియదు.

"మూడ్రోజులు నన్ను మిషన్ నడుపుతోంది కదమ్మాయ్," అన్నారు ఆంటీ. "మిగతా నాలుగ్రోజులైనా నేను దేన్నో ఒకదాన్ని నడపాలిగా."

ఆవిడ ఆఖరి వేసవిలో, మే నెలలో, రెండు వారాలు హాస్పిటల్‌లో ఉండిపోయారు. నాకేమో ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ పని. మడి అడవైపోయింది. గార్డెన్ కమిటీ నుంచి రెండో నోటీసు ఈమెయిల్ వచ్చింది: శనివారం సాయంత్రంలోగా కలుపు తీయకపోతే మడి వెయిటింగ్ లిస్టులో తరువాతి వాళ్ళకి వెళ్ళిపోతుంది. ఇంటికొచ్చిన ఆంటీ ఆ మెయిల్ రెండుసార్లు చదివి, ఆ మడి కూడా పోతే ఇక పొద్దున్నే దేనికోసం లేవాలో తెలియదన్నారు. ఆవిడ నోట అలాంటి మాట వినడం అదే మొదలు.

శనివారం ఆవిడ డయాలసిస్‌కి వెళ్తే నేను మడికి వెళ్ళాను. ఆ గుబురులో ఏది కూరో ఏది కలుపో తెలియక ఒక ఆకుని ఫోటో తీస్తే ఫోన్‌లోని యాప్ "పిగ్‌వీడ్, కలుపు మొక్క" అని తేల్చేసింది. పైగా ఆ మొక్కలు వరసల్లో లేవు. వరసలో లేనిదంతా కలుపేనని నా లెక్క. ఫోన్ కార్‌లో పడేసి, మూడు గంటలు ఒళ్ళు వంచి పీకాను. మడి అద్దంలా తయారైంది. గొప్పగా ఫోటో పంపుదామని ఫోన్ తీస్తే ఆంటీ నుంచి పదకొండు మిస్డ్ కాల్స్.

ఆ కెమెరాకి కన్నుంది గానీ నోరు లేదు. ఆవిడ కుర్చీలో కదలలేక అంతా చూస్తూ ఉన్నారు.

"అది కలుపు కాదమ్మా," అన్నారు మెల్లగా, నేను తిరిగి ఫోన్ చేస్తే. "నిరుడు ముదిరిన మొక్కల్ని విత్తనానికి వదిలేశాను. అది రాలి మొలిచిన తోటకూర."

చేసిందంతా చేసి, ఏడుపు కూడా నేనే అందుకున్నాను. ఆవిడే నన్ను ఓదార్చారు. మడి దక్కింది చాలన్నారు, రాలిన విత్తనమంతా ఒక్కసారే మొలవదన్నారు, కొత్త మొలకలకి సరిపడేలా టైమర్ అప్పుడే ఐదు నిమిషాలకి మార్చేశానన్నారు. ఇకమీదట తెలియనిది కనిపిస్తే పీకే ముందు మనిషిని అడగమని మాత్రం చెప్పారు. ఆ మాటలో కోపం లేకపోవడమే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

కమిటీ వాళ్ళు చూసి సరేనన్నారు. పది రోజులకి మడి నిండా ఎర్రటి మొలకలు లేచాయి. జూలైలో మొదటి కోత కోశాక, నన్ను తోటకూర పప్పు వండుకుని, తను డయాలసిస్‌లో ఉన్నప్పుడు వీడియో కాల్ చేసి ఎదురుగా తినమన్నారు. మొదటి ముద్ద తిని బావుందన్నాను.

"బావుందంటే నాకేం తెలుస్తుందే? ఉప్పెంత, పులుపెంత, కాడ ఎలా ఉంది? నేను తింటున్నట్టు చెప్పు."

చెప్పాను. ఉప్పు సరిపోయిందని, చింతపండు ఒక రవ్వ ఎక్కువైందని, వెల్లుల్లి మాడిందని, కాడ వెన్నలా ఉందని. ఆవిడ కళ్ళు మూసుకుని గుటక వేశారు. ఆ వేసవంతా కోసినప్పుడల్లా అదే పని.

ఆ చలికాలం ఆవిడ పోయారు. మడి లిస్టులో తరువాతి వాళ్ళకి వెళ్ళింది. రూల్ రూలే. కోపం లేదంటే అబద్ధం.

ఇప్పటికీ నేను ఏం తిన్నా ఊరికే బావుంది అనలేను. ఉప్పెంతో, పులుపెంతో, ఎక్కడ మాడిందో మొదటి ముద్దతోనే లోపల్లోపల చెప్పుకుంటాను. వినేవాళ్ళు లేరని తెలుసు. కానీ చెప్పడం మానేస్తే ఆవిడ నిజంగానే పస్తుంటారేమోనని భయం.