ఇరవై ఒకటో గడి

గ్రంథాలయంలో కంప్యూటర్ పనులు చూసే పెద్దాయన్ని అందరూ సున్నా మాస్టారు అనేవారు. సీ అనే కంప్యూటర్ భాషలో ఎవరేం రాసి చూపించినా ఆయన మొదట అడిగేది ఒకటే: "సున్నాకి చోటుంచావా?"

సీలో మాట ఎంత పొడవో ఎక్కడా రాసిపెట్టరు. అక్షరాలు వరసగా గళ్ళలో కూర్చుంటాయి. ఆఖరి గడిలో సున్నా కూర్చుని "ఇక చాలు" అంటుంది, ఉత్తరం చివర 'ఇట్లు' అన్నట్టు. (ఆ 'ఇట్లు' మాత్రం ఇప్పుడెవరు రాస్తున్నారు గనక!) సున్నా లేకపోతే యంత్రం ఆగదు, పక్క గళ్ళలోవి కూడా చదువుకుంటూ పోతుంది.

ఇంత చాదస్తపు మనిషీ, సభ్యుల కార్డులు అచ్చువేసే ప్రోగ్రాంలో పేరుకు ఇరవై గళ్ళే ఇచ్చాడు. ఆ పక్క గళ్ళు భర్త పేరువి. అది వివరాల్లో ఉండాలే గాని కార్డు మీద పడకూడదు. ఆయన భార్య పేరు ఇంగ్లీషులో సరిగ్గా ఇరవై అక్షరాలు. సున్నాకి చోటు దొరక్క, కార్డు మీద ఆమె పేరు ఆయన పేరులోకి నడిచిపోయింది.

"పెళ్ళయిన ముప్పై ఏళ్ళకి మీ పేరు నాకు అతుక్కుందండీ!" అని ఆమె పడీపడీ నవ్వింది.

"తప్పది. సరిచేస్తానుండు."

"చేశారంటే ఇక వంట మీదే. నాకిలాగే బావుంది."

ఆయన దిద్దకుండా వదిలేశాడు. ఆమె పోయి నాలుగేళ్ళు. అన్నం తినేటప్పుడు ఆ కార్డును ఎదురుగా పెట్టుకుంటాడు. అక్షరాలు వెలిసిపోతున్నాయి, మళ్ళీ అచ్చు వేసుకోవాలనుకుంటున్నాడు.

ఈలోగా బట్టలు కుట్టే ఒకావిడ వచ్చి కార్డు బల్లమీద పడేసింది.

"ఏంటండీ ఇది? మా ఆయన్ని వదిలేసి మూడేళ్ళయింది. మీ మిషను మళ్ళీ నాకు అంటగట్టింది!"

మాస్టారు ఆవిడ పేరులో అక్షరాలు వేలితో లెక్కపెట్టాడు. ఇరవై.

"తప్పు నాదేనమ్మా. కాసేపు కూర్చోండి."

దిద్దాక భార్య కార్డు ఇక అలా రాదు. ముందు తనకొకటి తీసుకుందామా అనిపించింది. ఆవిడ కూర్చోలేదు, ఆ రెండో పేరును గోటితో గీకుతోంది. ఆయనకు సిగ్గేసింది. గళ్ళు ఇరవై ఒకటి చేసి, పాత వివరాలన్నీ కొత్త కొలతకు మార్చి, ఆవిడ కార్డు ఆవిడకిచ్చాడు. ఆ తర్వాత భార్యది తీశాడు. ఆమె పేరు, ఆ పక్కన ఖాళీ.

ఇంటికెళ్ళి బల్లమీద పెట్టాడు.

"సరిచేశానోయ్," అన్నాడు.

వెళ్ళి పొయ్యి వెలిగించాడు. వంట ఎలాగూ ఆయనదే.