మా సెప్టిక్ లారీకి ఎదురొచ్చినవాళ్లు

ఆ రోజుల్లో ఇంజనీరింగ్ చదివినవాడు హైదరాబాదులో కంప్యూటరు ముందు కూర్చోకపోతే వాడికేదో జబ్బుందని మా తెనాలిలో అనుకునేవారు. నేను అంతకు మించిన ఘనకార్యమే చేశాను. రేపల్లెలో సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేసే లారీ నడుపుకునే పెద్దాయన పోతే, ఆయన భార్య దగ్గర ఆ లారీ కొనేశాను, డ్రైవరుతో సహా (డ్రైవర్ని కొనలేదు లెండి, ఆయనే బండి వెంట వచ్చేశాడు). ఇళ్లవాళ్లు ఏ పదేళ్లకో పిలుస్తారు కాబట్టి ప్రభుత్వ హాస్టళ్ల కాంట్రాక్టు పట్టాలన్నది నా ఎత్తు. అది చేజారితే లారీ కోసం నాన్న తాకట్టు పెట్టిన పొలమూ చేజారినట్టే.

బాపట్లలో హాస్టళ్ల అధికారి పదింటికల్లా బండి చూపించమన్నారు. పొద్దున్నే పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాక నాయనమ్మ, "ఎవరైనా ఎదురు రాందే కదలడానికి వీల్లేదు" అంది. ఎదురింటి పిన్ని పట్టుచీర కట్టుకుని నీళ్లచెంబుతో బయల్దేరింది. బండి దగ్గరికొచ్చేసరికి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని గిరుక్కున వెనక్కి తిరిగింది. నాయనమ్మ ఇంజను ఆపించేసింది. "ఎదురొచ్చిన మనిషే వెనక్కి పోతే ఇంకేం బాగుపడతాంరా?" ఇంకెవరినైనా పిలుద్దామంటే, అరుగుల మీద కూర్చున్న వాళ్లందరికీ ఒక్కసారే ఇంట్లో పనులు గుర్తొచ్చాయి. నేను శకునాల మీద సైన్సు ఉపన్యాసం మొదలుపెట్టాను. నాయనమ్మ వినలేదు, డ్రైవరూ వినలేదు.

డ్రైవరు వీధి మలుపు వైపే చూస్తున్నాడు. అక్కడ కరెంటు స్తంభం చాటున మాకు లారీ అమ్మిన రేపల్లె పెద్దావిడ నిలబడి ఉంది. బండిని సాగనంపుదామని మొదటి రైలెక్కి వచ్చిందట. "అమ్మగారు ఎదురొస్తేనే అయ్యగారు రోజూ గేరెయ్యనిచ్చేవారండి" అన్నాడు డ్రైవరు. ఆవిడ తల దించుకుంది.

"అప్పుడంటే ఆయనున్నారు బాబూ. ఇప్పుడు నేను ఎదురు రాకూడదు. పక్కనుంచి చూసి వెళ్లిపోతాను."

నాయనమ్మ (తాతయ్య పోయినప్పటి నుంచి ఇంట్లో ఎవరు ప్రయాణమైనా ఎదురు పడకుండా పక్కకు తప్పుకునే మనిషి) ఆవిడ వంక చూసి, గుమ్మంలో నిలబడ్డ పిన్ని చేతిలో చెంబు లాక్కుంది.

"రావే అమ్మాయ్. ఇన్నేళ్లూ ఆ కంపు భరించిందానివి నువ్వు. నీకంటే ఎదురు రాదగ్గ మనిషెవరు? నీకు బెరుగ్గా ఉంటే నేనూ వస్తాను పద."

ఇద్దరూ చేతులు పట్టుకుని బండికి ఎదురొచ్చారు. డ్రైవరు కళ్లు తుడుచుకుని గేరు వేశాడు. వేళకే బాపట్ల చేరాం, కాంట్రాక్టు వచ్చింది, పొలం దక్కింది.

ఇప్పుడు ఆసుపత్రుల, స్కూళ్ల కాంట్రాక్టులూ, ఇంకొన్ని లారీలూ ఉన్నాయి. ఉపన్యాసం దంచిన ఆ కుర్రాణ్ణి తల్చుకుంటే నవ్వొస్తుంది. నేను శకునాలు ఇప్పటికీ నమ్మనండి. ఆ ఇద్దరికీ మాత్రం జన్మంతా రుణపడి ఉన్నాను. నాయనమ్మ వెళ్లిపోయింది. రేపల్లె షెడ్డు మాత్రం ఆ పెద్దావిడ ఇంటికి సరిగ్గా ఎదురుగా కట్టించాను. లారీలు తిరగడానికే చోటులేని ఈ సందులో ఎందుకు కట్టారు సార్ అని అడిగినవాళ్లకు, ఇక్కడ గాలి బాగుంటుందండి అని చెబుతుంటాను.