కరెంటు లేనప్పుడు పెట్టిన మీటింగ్

మొన్న ఆదివారం సంది బజార్ల తలెత్తుకొని తిరుగుతలేను. ఏమైందో చెప్త, చాయ్ తాగుకుంట ఇనుండ్రి. నవ్వితే నవ్వుండ్రి గని, మా ఇంటామె ముంగట మాత్రం గీ ముచ్చట తియ్యకుండ్రి!

మా దిక్కు మరమగ్గాన్ని సాంచ అంటం. మా సాంచాల సొసైటీ మహాసభ ఏడాదికొక్కపారి. ఎప్పుడు చూసినా కుర్చీలే ఎక్కువ, మనుషులు తక్కువ. ఎట్లొస్తరు? కరెంటున్నంతసేపు సాంచ నడవాలె, సాంచ ఆగితే కూలి ఆగుతది. గీసారి మాత్రం గండమే వచ్చింది. కోరం నిండి సభల తీర్మానం కాకపోతే, బడి పిల్లల యూనిఫాం బట్ట ఆర్డర్ ఇచ్చేది లేదని పైనోళ్లు ఖరాఖండిగ చెప్పిండ్రు. ఆర్డర్ పోతే అందరి సాంచాలు బంద్! మా అధ్యక్షుడు రాజమౌళి మామకు నిద్ర లేదు.

"ఫికర్ జెయ్యకు మామా! ఆదివారం పొద్దుగాల రిపేర్లకు కరెంటు తీస్తరట. గప్పుడే మీటింగ్ పెడదాం. సాంచ ఆగినోడు ఇంట్ల కూసుండి ఏంజేస్తడు?" అన్న నేను. మామ నా ఈపు సరిసిండు. ఇగ నాకు కొమ్ములొచ్చినయ్.

ఆదివారం కరెంటు పోవుడే ఆలస్యం, సాంచ కాడికెల్లి లేచి ఉరికిన. ఇల్లిల్లు తిరిగిన. మా గల్లీ సత్తన్న అయితే, "నేనొక్కన్ని రాకుంటే ఏమైతది తమ్మీ?" అన్నడు. నాకు ఒళ్లు మండింది. "అందరు గదే అనుకుంటే సొసైటీ మునుగుతది!" అని లుంగీ మీదనే బండెక్కించుకొచ్చిన. నాతోని కలిపి లెక్కవెడితే కోరం సరిగ్గ నిండింది. ఒక్కలు కూడ ఎక్కువ లేరు.

హాల్ల ఒకటే ఉక్కపోత. నేను తలుపుకు అడ్డం నిలవడ్డ. ఒంటేలుకు గూడ ఎవలిని పోనిస్తలేను. మామ లెక్కలన్ని సదివి, "ఒప్పుకున్నోళ్లు చేతులెత్తుండ్రి" అన్నడో లేదో, నెత్తి మీద ఫ్యాన్ తిరిగింది. కరెంటొచ్చింది! సత్తన్న లేవబోయిండు. "కూసో అన్నా!" అని గదమాయించిన. పాపం, కూసున్నడు. ఎవ్వలు కదలలే.

గప్పుడు యాదికొచ్చింది. నా సాంచ స్విచ్చి బంద్ జెయ్యలే! మనిషి లేకుండ సాంచ నడిస్తే పోగులు తెగి బట్టంత ఆగమే. ఇగ సోయి లేదు, నేనే ఉరికిన!

"ఓరి ఆగురా! చెయ్యెత్తి పోరా!" అని మామ ఎనక మొత్తుకుంటనే ఉన్నడు. ఇనవడ్డది గని కాళ్లు ఆగలే.

ఇంటికి పోతే సాంచ సప్పుడే లేదు. మా ఇంటామె నూలు కండెలు సర్దుకుంట, "నువ్వు పోంగనే నేను బంద్ జేసిన. గింత జల్ది అయిపోయిందా మీటింగ్?" అన్నది. మళ్ల ఎనకకు ఉరికిన. హాల్ కాడ అందరు చెప్పులేసుకుంటుండ్రు. కోరం తక్కువైందని సభ వాయిదా!

మామ నా దిక్కు చూడలే. సిగ్గుతోని సచ్చిపోయిన. సత్తన్న దగ్గరికొచ్చి, "ఒక్కడు లేకుంటే ఏమైతదో ఇప్పుడు సమజైంది తమ్మీ" అన్నడు.

ఇంకొక్క వారం గడువు దొరికింది. వచ్చే ఆదివారం మళ్ల సభ. ఇల్లిల్లు తిరిగే పని ఈసారి సత్తన్నకిచ్చిండ్రు. అందరికంటె ముందుగాల తోల్కరావాల్సింది నన్నేనట!