చర్మానికి అవసరమైన ప్రశ్న

మొన్న పొయ్యి మీద వంకాయ కాలుస్తుంటే మంట ఎగసి ముంజేతి మీద వెంట్రుకలు మాడాయి. చురుక్కుమన్న నొప్పి క్షణంలో పోయింది కానీ వాసన మాత్రం వంటింట్లో చాలాసేపు నిలిచింది. ఎవరూ ఇష్టపడే వాసన కాదది. నాకైతే దానితో పాటు షార్జాలోని ఒక చిన్న గది, చల్లగాలి ఊదే గొట్టం హోరు, ఆకుపచ్చ గాగుల్స్ వెనక నవ్వే రెండు కళ్లు గుర్తుకొస్తాయి. ఆ కళ్లు మార్త సిస్టర్‌వి.

నేను చాలా ఏళ్లు ఒక దినపత్రిక డెస్కులో పనిచేశాను. కరోనా వచ్చిన ఏడాది మా ఎడిషన్ మూతపడితే, మా ఆయన ఉద్యోగం చేస్తున్న షార్జాకు వచ్చేశాను. మరుసటి ఏడు ఒక చర్మ వైద్యుల క్లినిక్‌లో రిసెప్షన్ పని దొరికింది. ఈజిప్టు డాక్టరమ్మ కింద లేజర్ గది చూసుకునేది మార్త సిస్టర్. ఊరు కాకినాడ. నర్సుగా గల్ఫ్‌లోనే జుట్టు నెరిసిన మనిషి. భారీ విగ్రహం, నెమ్మది నడక. ఎడమ మణికట్టు మీద గడియారం పట్టీ కింద నుంచి పాత పచ్చబొట్టు అంచు ఒకటి తొంగిచూస్తూ ఉండేది. పొద్దున్నించి సాయంత్రం దాకా పరాయివాళ్ల బొమ్మలూ పేర్లూ చెరిపే మనిషి తనదాన్ని మాత్రం అలాగే ఉంచుకుంది. నేను చేరిన రోజే అది నా కంటపడింది. అడగాలని నాలుక దురద పెట్టింది.

ఆ దురద సంగతి ఆమెకు మొదటి వారంలోనే తెలిసిపోయింది. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో సెక్యూరిటీ పని చేసే కరీంనగర్ మనిషి ఒకతను వచ్చాడు. ముంజేతి మీద ఒక పేరు. వివరాలు రాసుకుంటూ, "ఎవరి పేరండీ?" అన్నాను. అతను చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు. లేజర్ గది గుమ్మంలోంచి సిస్టర్ గొంతు వినిపించింది. "ఏమ్మా, మీ పేపరు మూసేశారన్నావు కదా? మరి ఈ వార్త ఎక్కడికి పంపుతావు?" అతను కూడా నవ్వేశాడు. తర్వాత టీ తాగుతూ నాతో అంది: "ఎన్నాళ్ల కిందట వేయించుకున్నాడు, ఏ రంగు, ఎండలో పనా నీడలో పనా, దెబ్బ తగిలితే మచ్చ మిగిలే ఒళ్లా? ఇవన్నీ చర్మానికి అవసరం, అడుగు. ఎవరి పేరన్నది మనకు సరదా. సరదా కోసం అడిగితే అతను రెండోసారి రాడు."

లేజర్ ఎలా పనిచేస్తుందో వచ్చిన ప్రతి మనిషికీ ఆమె ఒకేలా చెప్పేది. "రంగును తుడిచేస్తాననుకుంటున్నారేమో, నా వల్ల కాదండి. చర్మం కింద రంగు గులకరాళ్లలా ఉంటుంది. అవి పెద్దవి కాబట్టి ఒళ్లు వాటిని కదపలేక అలా వదిలేసింది. ఈ వెలుతురు వాటిని పిండి చేస్తుంది. ఆ పిండిని కొంచెం కొంచెం మోసుకుపోయేది మీ ఒంట్లోని రక్తకణాలే. వాటికి టైమివ్వాలి." అందుకే ఒకసారి చేశాక నెలన్నరో రెండు నెలలో ఆగమనేది. తొందరపెడితే చర్మం కాలుతుందే తప్ప రంగు పోదనేది. రబ్బరు బ్యాండు లాగి వదిలినట్టు టప్ టప్‌మని చప్పుడు, వెంట్రుకలు కాలిన వాసన. దెబ్బ పడినచోట చర్మం మంచు పట్టినట్టు తెల్లబడి, కొద్దిసేపటికి మామూలయ్యేది. నల్ల రంగు తొందరగా లొంగుతుంది, ఆకుపచ్చ, లేత నీలం మొండికేస్తాయి, కనుబొమల రంగుల్ని మాత్రం అస్సలు నమ్మకూడదు అని నాకు చెప్పింది ఆమే.

కనుబొమల మాట ఎత్తితే నాకు షాహీన్ గుర్తొస్తుంది. మాస్కుల రోజులు. ముఖంలో బయటికి కనిపించేది కళ్లూ కనుబొమలే కాబట్టి, వాటికి పచ్చబొట్టులా రంగు ఎక్కించుకునే మోజు అందరికీ పట్టుకుంది. ప్రొద్దుటూరు నుంచి వచ్చిన షాహీన్ ఖోర్ ఫక్కాన్‌లో ఒక హోటల్ రిసెప్షన్‌లో పనిచేసేది. ఎవరి ఫ్లాట్‌లోనో వేయించుకున్న గోధుమరంగు కనుబొమలు కొన్ని నెలలకు ఇటుకరంగుకు తిరిగాయి. ఒక అతిథి పిల్లాడు కౌంటర్ దగ్గర వేలు చూపించి నవ్వాడట. మర్నాడే ముదీర్, అంటే మేనేజరు, ఆమెను దుప్పట్లు లెక్కపెట్టే గదికి పంపేశాడు.

"చలికాలం సీజన్ వచ్చేలోపల పోవల్ల సిస్టర్. లేకుంటే నన్ను ఆ దుప్పట్ల గదిలోనే పెట్టేస్తారు. వీసా రెన్యూ చేస్తారో లేదో కూడా అనుమానమే. టెస్టు గిస్టు వద్దు, యల్లా, తొందరగా రెండూ ఒకేసారి కొట్టెయ్!"

"కొట్టెయ్యడానికి అవేమైనా దోమలా? పైన ఇంకేదైనా రంగు వేశారా తల్లీ?"

"లేదు, ఒకసారే." షాహీన్ చూపు నేల మీద ఉంది.

సిస్టర్ ఆ చూపును గమనించింది. డాక్టరమ్మతో ఒక మాట చెప్పి, షాహీన్ కళ్లకు స్టీలు కప్పులు పెట్టి, స్కార్ఫ్ అంచు కప్పే చోట కనుబొమ చివర ఆవగింజంత జాగాలో టెస్టుగా ఒక్క దెబ్బ వేసింది. తెల్లదనం తగ్గాక చూస్తే ఇటుకరంగు లేదు. పలక మీద బలపం రాత చెరిపిన చోటులా నల్లటి చుక్క మిగిలింది. షాహీన్ అద్దం లాక్కుని చూసింది. "నల్లగా అయిపాయ సిస్టర్! నా పని ఖలాస్."

మార్త సిస్టర్ స్టూలు లాక్కుని ఆమె ఎదురుగా కూర్చుంది. "అయింది చుక్కేనమ్మా. రెండు కనుబొమలూ ఇలా అయ్యుంటే ఇద్దరం ఏడ్చేవాళ్లం. ఇదిగో చూడు, ఎవరు వేశారో నాకొద్దు. వాళ్ల మీద నేను ఎవరికీ చెప్పను. ఇటుకరంగు కనబడకుండా పైన ఒంటిరంగు వేశారా? అదొక్కటి చెప్పు."

షాహీన్ తలూపింది. ఒంటిరంగు రంగుల్లో కలిపే తెల్లటి పొడి లేజర్ తగిలితే నల్లబడుతుందని సిస్టర్ వివరించింది. ఆమె ముందు రెండు దారులు పెట్టింది. ఇలాగే వదిలేస్తే ఇటుకరంగుతో బతకాలి. మొదలుపెడితే కొంతకాలం ఇప్పటికంటే నల్లగా, అసహ్యంగా ఉంటాయి, తర్వాత ఆ నలుపు సాధారణంగా మామూలు నల్ల పచ్చబొట్టులా విరుగుతుంది. "సీజన్‌లోపు పోతుందని మాత్రం నేను మాటివ్వను. అబద్ధం చెబితే నీ నెత్తినే పడుతుంది." షాహీన్ ఆలోచించుకుంటానని వెళ్లిపోయింది. ఇక రాదనుకున్నాను. రెండు నెలలకు, కాటుక గట్టిగా రుద్దినట్టున్న ఆ చుక్క లేతబడిందని చూపిస్తూ వచ్చి కుర్చీలో కూర్చుంది.

చలికాలం సీజన్ షాహీన్‌కు దుప్పట్ల గదిలోనే గడిచింది. వీసా మాత్రం రెన్యూ చేశారు. ప్రతిసారీ కొండల మధ్య రోడ్డు మీద అంత దూరం వచ్చేది. నల్లబడిన కనుబొమలు బూడిదరంగుకు, బూడిదరంగు నీడకు తిరిగాయి. మాస్కులు తీసేసిన తర్వాత ఒక శుక్రవారం థర్మోకోల్ పెట్టెలో వంజరం చేపలు వేసుకుని దిగింది. సన్నగా, కాస్త వంకరగా, పూర్తిగా తనవైన కనుబొమలు. "కౌంటర్‌లో నిలబెట్టినారు సిస్టర్!" పెట్టె రెండో పక్క పట్టుకున్న అమ్మాయి ఒకతె తల ఎత్తకుండా నిలబడింది. హోటల్ వాళ్లిచ్చిన ఫ్లాట్‌లో షాహీన్ గదిలోనే ఉంటుందట. ఆ తల ఎందుకు వంగిందో నాకు తెలిసిపోయింది, సిస్టర్‌కు అంతకుముందే తెలిసి ఉంటుంది.

"కనుబొమలకు రంగులు వెయ్యడం మానేసింది సిస్టర్," అంది షాహీన్ మెల్లగా.

మార్త సిస్టర్ ఆ అమ్మాయిని ఎగాదిగా చూసి, "మంచిది. చేపలు చెయ్యడం వచ్చా నీకు?" అని మాత్రమే అడిగింది. ఆ పిల్ల మొదటిసారి తలెత్తి నవ్వింది.

కిందటేడు సిస్టర్ ఉద్యోగం మానేసి కాకినాడ వెళ్లిపోయింది. ఆఖరి రోజు గది సర్దుతుంటే ఆమే అంది, "ఇన్నాళ్లూ నా చెయ్యి దొంగచూపులు చూస్తూనే ఉన్నావు. ఒక్కసారీ అడగలేదేమే?"

"చర్మానికి అవసరమా సిస్టర్?" అన్నాను.

కడుపు పట్టుకుని నవ్వింది. తర్వాత రోజూ వేరేవాళ్లు కూర్చునే కుర్చీలో తాను కూర్చుని, గడియారం విప్పి పక్కన పెట్టి, ఆ పచ్చబొట్టు ఎవరు పొడిపించారో, ఎందుకు ఉంచుకుందో చెప్పింది. టీలు చల్లారిపోయాయి.

ఇప్పుడు మళ్లీ అప్పుడప్పుడు పత్రికలకు రాస్తున్నాను. ఎవరి ఎదుట కూర్చున్నా ప్రశ్న నోటిదాకా వచ్చాక ఒక క్షణం ఆగుతాను, ఇది ఆ మనిషికి అవసరమా, నా సరదాకా అని. చాలాసార్లు మింగేస్తాను. చిత్రంగా, మింగేసిన ప్రశ్నలకే ఎక్కువ జవాబులు వస్తున్నాయి. విన్న కథను మర్నాటి దాకా దాచుకోలేని ఉద్యోగం చేశాను నేను. మార్త సిస్టర్ పచ్చబొట్టు కథ ఏడాదిగా నా దగ్గరే ఉంది. ఇక్కడా రాయను.