పెద్దల్లుడి సీటుకు చల్లగాలి

శ్రీరాంపూర్ నుంచి ధర్మపురికి పోయే దారిలో, గోదావరి వంతెన ఇవతల చాయ్ హోటల్ దగ్గర, నా బిడ్డ నా కారు దిగి నా సడ్డకుడి కారెక్కింది. సడ్డకుడంటే నా భార్య అక్కకు భర్త, మా అత్తగారింటికి పెద్దల్లుడు. బొగ్గు గనిలో ఉద్యోగం. మంచి ఎండాకాలం. నా పాత కారులో ఏసీ వేయగానే బెల్టు కీచుమని అరిచి, రబ్బరు కాలిన వాసన వచ్చింది. అద్దాలు దించుకొని అక్కడిదాకా వచ్చాం. ఆయన చాయ్ గ్లాసు పట్టుకొని నా బండి చుట్టూ తిరిగి చూశాడు.

"గిది కారా తమ్మీ, కుంపటా? పిల్లను ఉడుకవెడుతున్నవా?" అన్నాడు. నా బిడ్డ వైపు తిరిగి, "దిగు బిడ్డా. మీ బాపు పుస్తకం సదువుకుంట మెల్లగ వస్తడు. మనం సల్లగ పోదాం" అన్నాడు.

ఆయన కారులో కూర్చున్న మా అత్తమ్మ నవ్వింది. పిల్ల నా మొహం చూసింది. దిగి పోయింది. ధర్మపురి దాకా ఆ కారు వెనకే నడిపాను. దాని వెనక అద్దంలోంచి నా బిడ్డ తల కనబడుతూనే ఉంది. ఆయన ఏదో చెబుతున్నాడు, అది నవ్వుతోంది.

పుస్తకం మాట ఆయన ఊరికే అనలేదు. నేను బడిలో చదివింది పదో తరగతే. మిగతాదంతా కరీంనగర్ గ్రంథాలయంలో కూర్చొని సంపాదించాను, ఆ సంగతి నేను ఎక్కడా దాచను. ఈసారి కూడా అక్కడికే పోయాను. మూల అరలో పాలిటెక్నిక్ పిల్లల కోసం రాసిన శీతలీకరణ పుస్తకం దొరికింది. ఇంగ్లీషు. పక్కన నిఘంటువు పెట్టుకొని చదివాను. అర్థంకాని పేజీ వచ్చినప్పుడల్లా చాయ్ గ్లాసుతో ఆ మనిషి కళ్ల ముందుకొచ్చేవాడు. మళ్లీ మొదటి నుంచి చదివేవాణ్ని.

కరీంనగర్ మెకానిక్, "గ్యాసు కొడితే అయిపోతది సార్" అన్నాడు.

"కాదు. కంప్రెసర్ పట్టేసింది, తిరుగుతలేదు. అందుకే బెల్టు అరుస్తుంది. అదొక్కటి మారిస్తే సాలది. లోపల అరిగిన పొడి పైపులల్ల ఉంటది. కడగకపోతే కొత్తదాన్ని గూడ తింటది. తేమ గుంజే డ్రయ్యర్ గూడ మార్చాలె."

"గివన్నీ ఎవరు జెప్పిండ్రు సార్?"

"లైబ్రరీల సదివిన."

"గట్లనా? అయితే పానా నువ్వే వట్టు" అని నవ్వుతూ అందించాడు.

అతను పాత గ్యాసు ఖాళీ చేశాక నిజంగానే పట్టాను. తుప్పు పట్టిన బోల్టులు కదలనన్నాయి. 'కుంపటి' అన్న మాటను పళ్ల మధ్య నలుపుతూ తిప్పాను, కదిలాయి. పాత కంప్రెసర్‌ను కిందికి దించితే నల్లటి నూనె కారింది. మెకానిక్ కొత్తది బిగించి, పైపులు కడిగి, డ్రయ్యర్ మార్చి, లోపలి గాలినంతా లాగేసి గ్యాసు నింపాడు. చల్లగాలి రాగానే మణికట్టు దానికి ఆనించి, ఎముక నొప్పి పుట్టేదాకా తీయలేదు.

అందరం కలిసి బాసర గుడికి పోవాలని ముందే అనుకున్నాం. ఆ సాయంత్రమే సడ్డకుడికి ఫోన్ చేశాను. "అన్నా, ఏసీ బాగైంది."

"అయితే బాసరకు నీ బండిలనే వస్త. యాడ దిగి తొయ్యాల్నో నాకెరుకుండాలె గద."

నాకు కావలసింది అదే.

మా అత్తగారింట్లో, ఎవరి కారైనా ముందు సీటు ఎప్పుడూ పెద్దల్లుడిదే. శ్రీరాంపూర్‌లో బయలుదేరే రోజు తలుపు నేనే తీసి పట్టుకున్నాను. "పెద్దోళ్లు మీరు, ముందట కూసోండ్రి అన్నా." ఏసీ గాలి రెక్కలను ముందే ఆ సీటు వైపు తిప్పి పెట్టాను. నా వైపువి మూసేశాను. ఆయన పలుచటి పొట్టి చేతుల చొక్కా వేసుకొచ్చాడు. వెనక అత్తమ్మ, నా భార్య, నా బిడ్డ.

జన్నారం దాకా అడవి గురించి, నా డ్రైవింగు గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. ఖానాపూర్ దాటాక మాట తగ్గింది. మోచేతులు రుద్దుకున్నాడు. చివరికి మెల్లగా, "తమ్మీ, జర తక్కువ చెయ్యరాదు" అన్నాడు.

నాకు వినబడింది. "ఏమన్నరు అన్నా? ఇంజను సప్పుడుకు ఇనవడలే."

గొంతు పెంచి మళ్లీ అనాల్సి వచ్చింది. వెనక నుంచి అత్తమ్మ, "సలి వెడుతుందా అల్లుడా?" అని అడిగింది.

"లే లే అత్తమ్మా. మంచిగున్నది."

మంచిగుందన్నాడు కాబట్టి ఫ్యాను ఇంకో మెట్టు పెంచాను.

నిర్మల్‌లో చాయ్‌కి ఆగాం. అందరం నీడకు చేరితే, ఆయన గ్లాసును రెండు చేతులా పట్టుకొని ఎండలో నిలబడ్డాడు. "నడుము గుంజుతుంది, ఎనుక కూసుంట" అన్నాడు. పెళ్లయినప్పటి నుంచి ఆయన వెనక సీట్లో కూర్చోవడం ఎవరూ చూడలేదు.

నా బిడ్డ ముందుకొచ్చింది. కూర్చుంటూనే, "గింత సలెందుకు బాపూ?" అని మీట వెనక్కి తిప్పింది. తిప్పనిచ్చాను. కాసేపటికి తలుపుకు ఆనుకొని నిద్రపోయింది.

వెనక ఆయన ఒంట్లోకి వేడి వచ్చినట్టుంది, గొంతు లేచింది. "బండి సల్లగనే ఉన్నది గని అత్తమ్మా, గీ సీట్లు జూడు, మా గనిల బెంచీలు నయం..."

బిడ్డ వైపు గాలి మూసేశాను. నడిమి రెక్కలను వెనక్కి, ఆయన మొహానికి ఎత్తి, మీటను చివరిదాకా తిప్పాను. గని బెంచీల ముచ్చట మధ్యలోనే ఆగిపోయింది.