చిన్నమ్మ అడిగిన క్రాసింగు

మొన్న మహబూబ్‌నగర్ నుంచి టెలిగ్రాం వచ్చింది. మా చిన్నమ్మ పోయింది. నేను చేరేసరికి దహనం కూడా అయిపోయింది.

ఆమె మీకు తెలియదు. మా అమ్మకు చెల్లెలు. మహబూబ్‌నగర్‌కు రెండు స్టేషన్ల అవతల ఒక పల్లెలో చిన్నపిల్లలకు పంతులమ్మ. ఏళ్ల తరబడి రోజూ ప్యాసింజరు బండిలో పోయి వచ్చింది.

నేను రైల్వేలైన్లకు కరెంటు పెట్టే ఆఫీసులో ఇంజనీరును. కొన్నేళ్ల కిందట, రానూ పోనూ ఒకే పట్టా ఉన్న ఒక సింగిల్ లైనుకు సబ్‌స్టేషన్లు ఎక్కడ కట్టాలో తేల్చే పని నాకిచ్చారు. రైలు ఎక్కడ ఎంత కరెంటు లాగుతుంది, అక్కడ వోల్టేజీ ఎంత పడిపోతుంది అన్న లెక్క కంప్యూటర్ చేత చేయించాలి. ఆ లెక్కను అట్ట కార్డుల మీద చిల్లులుగా పొడిచి, దూరపు ఊళ్లోని కంప్యూటరుకు పెట్టి జవాబులు తెచ్చాను. అంతా బాగుందని పై అధికారికి ఉత్తరం కూడా రాశాను. అంతలో కామెర్లు వచ్చి చిన్నమ్మ ఇంట్లో మంచం పట్టాను.

మజ్జిగన్నం పెడుతూ ఆమె నా కాగితాలు చూసింది.

"గీ అంకెలేంది కొడుకా?"

"రైళ్లను కాగితం మీద నడిపి చూస్తున్నం చిన్నమ్మా. ఒకదాని వెనక ఒకటి, అరగంట ఎడంతోని."

"మరి క్రాసింగు పెట్టినవా?"

నాకు అర్థం కాలేదు.

"నేను దినాం చూస్త గద. ఒక బండి స్టేషన్ల ఆగుతది. ఎదురు బండి వచ్చి ఆగుతది. మల్ల రెండూ ఒక్కపారే కదులుతయి. గప్పుడు నీ కరెంటు సరిపోతదా?"

రైలు కదిలేటప్పుడే కరెంటు ఎక్కువ లాగుతుంది. రెండు రైళ్లు ఒకేచోట ఒకేసారి కదలడం నా కార్డుల్లో ఎక్కడా లేదు.

"నా పరువు పోతది చిన్నమ్మా."

"ఇంక కాగితం మీదనే ఉన్నది గద! మా బడిపోరలు పలక తుడిచి మల్ల రాస్తలేరా? ఫికర్ చెయ్యకు, జర దిద్దుకో."

ఆ వారమంతా బడి నుంచి రాగానే నా పక్కన కూర్చుంది. నేను చెప్పిన అంకెలు గుణించేది. నా గుణకారం మీద నమ్మకం లేక నేను చేసినవీ మళ్లీ చేసేది. దొరికిన తప్పు చుట్టూ సున్నా చుట్టి, ఏమీ అనకుండా కాగితం నా వైపు జరిపేది.

లేచి తిరగగలిగాక కొత్త కార్డులతో వెళ్లాను. కొత్త లెక్కలో ఒక క్రాసింగు స్టేషను దగ్గర, ఇంజను బండిని లాగలేనంతగా వోల్టేజీ పడిపోయింది. సబ్‌స్టేషను కట్టే చోటును అటు జరిపాం. అధికారి మొదట తిట్టాడు. తర్వాత, ఇది పట్టుకున్నదెవరని అడిగాడు. మా చిన్నమ్మ అంటే నవ్వులాట అనుకున్నాడు.

ఆ లైను మీద కరెంటు బండ్లు మొదలయ్యాక ఆమెను ఎక్కించి తీసుకెళ్లాను. సరిగ్గా ఆ స్టేషన్లోనే క్రాసింగు పడింది. రెండు బండ్లూ ఒక్కసారే కదిలాయి. నేను పైన కరెంటు తీగల వైపు చూస్తున్నాను. చిన్నమ్మ వాటిని పట్టించుకోనే లేదు. కిటికీ దగ్గరికి జరిగి, ఎదురు బండిలోని ముక్కూమొహం తెలియని జనానికి, చివరి పెట్టె దాటిపోయేదాకా చెయ్యి ఊపుతూనే ఉంది.