రాకెట్ రోజున పెట్టిన సన్మాన సభ

ఒక పెద్ద నటుడి సన్మాన సభను నేనొక్కడినే ఎలా సర్వనాశనం చేశానో చెబుతాను. నవ్వండి, ఫరవాలేదు. మా దొరవారిసత్రంలో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

పరంధామయ్య గారు ఏళ్ళ తరబడి సినిమాల్లో దుర్మార్గపు మామగారి వేషాలు వేశారు. గొంతుకు ఆపరేషన్ అయ్యాక నటన మానేసి మా ఊళ్ళో పొలం కొనుక్కున్నారు. పొద్దున వరి సేద్యం, సాయంత్రం పిల్లలకు నాటకం నేర్పడం. ఆయనకు సన్మానం చేసి, ఏకపాత్రాభినయం చేయించాలని నేను వెంటపడ్డాను.

"గొంతు ఆఖరి వరుస దాకా పోతుందో లేదో మురళీ. పోకపోతే ఇంక వేదిక మీద ఆశ వదిలేసుకుంటాను," అన్నారాయన.

ఆ భయం చూసి నాకు జాలేసింది. మైకు నేనే దగ్గరుండి పట్టుకుంటానని మాటిచ్చాను.

ఇక నా తెలివి చూడండి. శ్రీహరికోటలో రాకెట్ ఎగిరే సాయంత్రానికే సభ పెట్టాను. చూడ్డానికి ఎలాగూ అందరూ రోడ్డు మీదికొస్తారు, ఆ జనంతోనే షామియానా నింపేద్దామని. నా పరిచయ ప్రసంగం గనక అంతసేపు సాగకపోతే రాకెట్ వేళకు అభినయం అయిపోయేదే.

సముద్రం మీదికి పోయిన కొడుకు కోసం ఎదురుచూసే తండ్రిగా ఆయన కంటతడి పెట్టించే చోటికొచ్చారు. బయట ఎవరో అరిచారు.

"లేచిందిరోయ్!"

అంతే, కుర్చీలన్నీ ఖాళీ. పుట్టినప్పటి నుంచీ రాకెట్లు చూస్తున్న వాళ్ళమే, అయినా కాళ్ళు ఆగవు. నావీ ఆగలేదు. రోడ్డు మీద నిలబడి, "అబ్బా, ఏం పోతా ఉందిరా సామీ!" అన్నాను. ఆ మాట ఊరంతా మోగింది. చూసుకుంటే వైరు లేని ఆ మైకు నా చేతిలోనే ఉంది!

సిగ్గుతో చచ్చి వెనక్కి పరిగెత్తాను. ఆయన అభినయం ముగించి వేదిక మీద ఒంటరిగా నిలబడి ఉన్నారు. ఆ ముఖం చూస్తే నాకు ఏడుపొచ్చింది.

"తప్పయిపోయింది సార్..."

ఆఖరి వరుసలో ఎవరో ముక్కు చీదారు. షామియానా వేసిన ఖాదర్ బాషా, తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"నువ్వు పోలేదా ఖాదరన్నా?"

"నా కుర్చీలొదిలేసి యాడికి పోయేది? సార్, ఆ బిడ్డ ఇంక రాడని చెప్పేస్తిరే! ఈ పూట నాకు కూడెట్ట దిగేది?"

"ఆ మాట నీకు వినపడిందా?" పరంధామయ్య గారు వేదిక అంచు దాకా వచ్చారు.

"ఎందుకు వినపళ్ళేదు సార్? రాకెట్టు మోతలో కూడా వినపడింది."

ఆయన వేదిక అంచున కూర్చుండిపోయి, చిన్నపిల్లాడిలా నవ్వారు. నేను ఇస్తున్న మైకును చేత్తో పక్కకు నెట్టేశారు.

ఆ రోజే ప్రతిజ్ఞ చేశాను. రాకెట్ ఎగిరే రోజున ఈ జన్మలో సభ పెట్టను. ఎవరి నోటి ముందూ మైకు పట్టను. పరిచయ ప్రసంగం సంగతంటారా, అదొక్కటీ మానలేను, క్షమించాలి.